టెక్ సందేహాలు: స్విచ్ ఆపి ఉంది, అయినా టీవీ ఎలా కాలింది?

గాలివానలు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. ఫోన్లు, యాప్‌లు పక్కకు పోయి కాలిపోయిన టీవీల గోడు మొదలవుతుంది. ఈ వారం అన్నీ అవే.

పిడుగు మా ఇంటి మీద పడలేదు, ఎక్కడో అవతల పడింది. టీవీ స్విచ్ కూడా ఆపే ఉంది. అయినా టీవీ, సెట్‌టాప్ బాక్స్, వైఫై రౌటర్ మూడూ పోయాయి. ఎలా సార్? – ఒక పాఠకుడు, బోడుప్పల్

గోడ మీది స్విచ్ కరెంటు తెచ్చే ఫేజ్ వైరును మాత్రమే తెంపుతుంది. కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్, భూమికి కలిపిన ఎర్త్ వైర్లు టీవీకి తగిలే ఉంటాయి. స్విచ్ లోపలి ఎడం కూడా కొన్ని మిల్లీమీటర్లే. 230 వోల్టులను ఆపడానికి అది చాలు కానీ, వేల వోల్టులు వస్తే దాటేస్తాయి. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు. సుమారు 30 వేల ఆంపియర్ల కరెంటు మైక్రోసెకన్లలో ఎగసిపడుతుంది. దగ్గర్లో పొడవాటి వైరు ఏది ఉన్నా, పిడుగు దాన్ని తాకకుండానే అందులో వోల్టేజీ పుడుతుంది.

మూడూ కలిసి పోయాయంటే నా అనుమానం కరెంటు వైరు మీద కన్నా మిగతా వైర్ల మీదే. డాబా మీది డిష్ నుంచి సెట్‌టాప్ బాక్స్‌కు, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ద్వారా టీవీకి దారి ఉంది. ఇక ఇంటర్నెట్: మన కాలనీల్లో ఎవరో ఒకరి డాబా మీద డబ్బా పెట్టి, అక్కడి నుంచి పది ఇళ్లకు ల్యాన్ వైర్లు లాగే పద్ధతి ఇంకా పోలేదు. ఆరుబయట వేలాడే ఆ రాగి వైరు నేరుగా మీ రౌటర్‌లోకి వస్తోంది. వీలుంటే ఇంటి లోపలి దాకా ఫైబర్ వేయమనండి. గాజు తీగలో కరెంటు పారదు. రౌటర్ అడాప్టర్‌కు మాత్రం ముప్పు అలాగే ఉంటుంది.

కాబట్టి ప్లగ్ పీకండి, వెనకున్న డిష్ వైరు, ల్యాన్ వైరు కూడా తీసేయండి. అయితే ఇదంతా మబ్బు పట్టినప్పుడే చేయాలి. అర్జునా ఫల్గుణా అనుకుంటూనే మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. 30 సెకన్ల లోపు ఉరుము వినబడితే ఇక వైర్ల జోలికి పోవద్దు, టీవీ పోతే పోయింది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల కదలికను చూపిస్తుంది. ఫోన్లో ఉంటే ముందే జాగ్రత్తపడొచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో వాన లేదు, ఉరుము లేదు. ఒక సాయంత్రం లైట్లు ఒక్కసారి ధగధగ వెలిగాయి. మా ఇంట్లో ఫ్రిజ్, టీవీ పోయాయి. పై ఫ్లాట్‌లోనూ అంతే. ఎదురు ఫ్లాట్‌లో మాత్రం లైట్లు మిణుకుమన్నాయి, వస్తువులు బాగానే ఉన్నాయి. అందరం స్పైక్ బస్టర్లు కొనాలా? – ఒక గృహిణి, మియాపూర్

కొనకండమ్మా, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీరు చెప్పిన గుర్తులన్నీ న్యూట్రల్ తెగినప్పుడు కనిపించేవే. మా ఉత్తరాల్లో పిడుగు మీదికి తోసేసిన కేసుల్లోనూ కొన్ని ఇవేనని నా అనుమానం.

అపార్ట్‌మెంట్‌కు మూడు ఫేజులు వస్తాయి, ఫ్లాట్లను వాటికి పంచుతారు. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌తో కలిపి చూస్తే 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య చూస్తే 400. మెయిన్ న్యూట్రల్ వదులైనా, తుప్పు పట్టి ఊడినా, వేర్వేరు ఫేజుల మీదున్న మీ ఫ్లాటూ ఎదురు ఫ్లాటూ కలిసి ఆ 400ను పంచుకోవాల్సి వస్తుంది. ఆ పంపకంలో న్యాయం ఉండదు. గీజరు, ఏసీ నడుస్తున్న ఇంటికి తక్కువ వోల్టేజీ, రెండు లైట్లే వెలుగుతున్న ఇంటికి 300 పైన. పొదుపుగా వాడుకున్న ఇల్లే కాలిపోతుంది!

ఇక్కడ స్పైక్ బస్టర్ పనిచేయదు. దాని లోపలుండే ఎంఓవీ అనే చిన్న బిళ్ల, మైక్రోసెకన్ల దెబ్బను మింగడానికి చేసింది. నిమిషాల తరబడి 350 వోల్టులు వస్తే వేడెక్కి అదే కాలిపోతుంది, మంట కూడా రావచ్చు. ఇంటి బోర్డులో ఉండే ఎంసీబీ ఎక్కువ కరెంటును చూస్తుంది, ఆర్‌సీసీబీ లీకేజీని చూస్తుంది. వోల్టేజీని చూసే పని ఈ రెండింటిదీ కాదు. మీకు కావాల్సింది మీటరు దాటాక బోర్డులో బిగించే ఓవర్‌ అండ్ అండర్ వోల్టేజ్ ప్రొటెక్టర్. వోల్టేజీ పరిమితి దాటగానే ఇల్లంతటికీ కరెంటు ఆపి, సర్దుకున్నాక తానే ఇస్తుంది. మెయిన్ ప్యానెల్లో న్యూట్రల్ బిగింపులు ఏటా ఒకసారి చూపించమని అసోసియేషన్ మీటింగులో పట్టుబట్టండి. పార్కింగ్ గొడవలు తర్వాత చూసుకోవచ్చు. మళ్లీ ఎప్పుడైనా లైట్లు అలా వెలిగితే ఆలోచించకుండా మెయిన్ ఆపేసి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

మరి స్పైక్ బస్టర్ ఎప్పుడు పనికొస్తుంది? ఏది కొనాలి? – ఒక విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

పేరు చూసి కొంటే ఎక్స్‌టెన్షన్ బోర్డే చేతికొస్తుంది. నాలుగు సాకెట్లు, ఎర్ర లైటు, ఫ్యూజు ఉన్నంత మాత్రాన సర్జ్ నుంచి, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ దెబ్బ నుంచి రక్షణ ఉన్నట్టు కాదు. ఎన్ని జూల్స్ శక్తి ఉన్న దెబ్బను మింగగలదో డబ్బా మీద రాసి ఉండాలి, ఎక్కువుంటే మేలు. రక్షణ ఇంకా మిగిలి ఉందో లేదో చూపే విడి లైటు ఉండాలి. ఎంఓవీ ప్రతి దెబ్బకూ కొంత అరుగుతుంది. అది చచ్చాక కూడా చాలా బోర్డులు కరెంటు ఇస్తూనే ఉంటాయి.

సొంతిల్లయితే మెయిన్ బోర్డులోనే టైప్ 2 ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్) పెట్టించుకోవడం నయం. దాని కిటికీలో పచ్చ రంగు పోయి ఎరుపు కనిపిస్తే మార్చాలి. దానికి కలిపే వైర్లు మొత్తం అర మీటరు దాటకూడదని ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి. వైరు పొడవు పెరిగే కొద్దీ రక్షణ తగ్గుతుంది. డాబా మీద సోలార్ ఉంటే డీసీ వైపు వేరే ఎస్‌పీడీ కావాలి.

వీటన్నిటికీ ఆధారం ఎర్తింగ్. వచ్చిన దెబ్బను భూమిలోకి పంపే దారే లేకపోతే ఎస్‌పీడీ ఏం చేస్తుంది? మన హైదరాబాద్‌లో నేల రాయి. ఎండలకు పై మట్టి ఎండిపోయి ఎర్త్ రెసిస్టెన్స్ పెరిగిపోతుంది, సరిగ్గా అప్పుడే తొలి గాలివానలు వస్తాయి. మార్చిలోనే ఎర్త్ పిట్‌లో నీళ్లు పోయించి, మీటర్‌తో కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలిస్తే మాత్రం ఈ ఖర్చంతా దండగ.

ఇన్వర్టర్ ఉంది కదా, ఇంకా టెన్షన్ ఎందుకు? – ఒక పాఠకుడు, అల్వాల్

కరెంటు ఉన్నంతసేపు మామూలు ఇన్వర్టర్ లైన్ కరెంటునే లోపలికి వదిలేస్తుంది. దానితో పాటు దెబ్బనూ.

మెరుపులప్పుడు మొబైల్ వాడితే పిడుగు పడుతుందంటారు, నిజమేనా? – ఒక పాఠకురాలు, సైదాబాద్

కాదు, సెల్‌ఫోన్ పిడుగును లాగదు. చార్జింగ్‌లో పెట్టి మాట్లాడటమే ప్రమాదం, ఆ వైరు గోడలోకి వెళ్తోంది కదా. తీగ ఉన్న ల్యాండ్‌లైన్‌కూ ఇదే వర్తిస్తుంది.

పిడుగుకు పోయిన టీవీకి మెయిన్ బోర్డు మార్చాలంటున్నారు, కొత్త టీవీ ధరలో సగం చెబుతున్నారు. – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

స్టాండ్‌బై లైటు కూడా రావడం లేదంటే ముందు పవర్ సప్లై బోర్డు చూపించండి. పోయింది అదొక్కటే అయితే చాలా తక్కువలో తేలుతుంది. లైటు వచ్చి బొమ్మ రాకపోతే, దెబ్బ హెచ్‌డీఎంఐ దారిన వచ్చి ఉంటే, మెయిన్ బోర్డు మాట నిజమే కావచ్చు. ఒప్పుకునే ముందు టీవీ వెనకున్న మోడల్ నంబరు, లోపలి బోర్డు మీది నంబరు ఫొటో తీసుకుని కోఠి గుజరాతీ గల్లీలో ధర కనుక్కోండి.