మా పెళ్లి ఫొటో మేం ప్రింట్ వేయించుకోకూడదా?

ప్రశ్న: మాది తెనాలి. వచ్చే నెల మావారి షష్టిపూర్తి. 1989లో మా పెళ్లికి ఊళ్లో స్టూడియోవాళ్లు తీసిన ఫొటో ఒకటి పెద్దది చేయించి తెస్తానని మా అబ్బాయి డల్లాస్ తీసుకెళ్లాడు. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉందని, ఫొటోగ్రాఫర్ దగ్గర్నుంచి అనుమతి పత్రం కావాలని అక్కడి కౌంటర్లో తిప్పి పంపేశారట. ఆ స్టూడియో మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. పోనీ మిగతావి ఇక్కడ వేయిద్దామంటే, 2021లో జరిగిన అబ్బాయి పెళ్లి ఫొటోల మీద విజయవాడ ఫొటోగ్రాఫర్ పేరు ఉందని మా ఊరి ల్యాబ్ అతను వద్దన్నాడు. (ఆ ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకున్నది మా వియ్యాలవారు.) మనవరాలి మొదటి పుట్టినరోజుకి డల్లాస్ స్టూడియోలో తీయించిన ఫొటో కూడా వేయనన్నాడు. డబ్బులిచ్చి తీయించుకున్న ఫొటోలు మనవి కావా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా, మూడు ఫొటోలకీ మూడు జవాబులున్నాయమ్మా. మీ పెళ్లి ఫొటో మీ కుటుంబానిదే. అబ్బాయి పెళ్లి ఫొటోలు చట్టం లెక్కలో మీ వియ్యాలవారివి. మనవరాలి ఫొటో, వినడానికి బాధగా ఉన్నా, అమెరికా చట్టం ప్రకారం ఆ స్టూడియోది. ఫొటోలో ఎవరున్నారన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. ఎవరు తీయమన్నారు, డబ్బు ఎవరిచ్చారు, ఏ దేశంలో తీశారు అన్నవే చూస్తారు.

ముందు మన చట్టం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఫొటో తీసిన మనిషే దానికి కర్త అని ఆ చట్టం చెబుతుంది, మామూలుగా కర్తకే హక్కు. అయితే సెక్షన్ 17లో ఒక మినహాయింపు పెట్టారు. ఎవరైనా అడిగి, ప్రతిఫలం ఇచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, కాపీరైట్ తీయించుకున్నవారిదే. తీసిన రోజు నుంచే వాళ్లది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫొటోగ్రాఫర్ రాసి ఇవ్వనక్కర్లేదు. పాస్‌పోర్టు సైజు ఫొటో నుంచి పెళ్లి వీడియో దాకా ఇదే సూత్రం. ఇది మనకి బ్రిటిష్‌వాళ్ల 1911 చట్టం నుంచి వచ్చింది. తమాషా ఏమిటంటే, వాళ్లు 1988లో కొత్త చట్టం చేసుకుని ఆ సూత్రాన్ని వదిలేశారు, మనం అలాగే ఉంచుకున్నాం. ఈ విషయం తెలియని ఫొటోగ్రాఫర్లు చాలామంది ఉన్నారు. తెలిసీ మాట్లాడనివాళ్లు కూడా కొందరున్నారు.

అంటే 1989 నాటి మీ ఫొటో ఎవరిది? ఆ రోజుల్లో పెళ్లి కుదిరితే ఫొటోలవాడిని మాట్లాడేది పెద్దవాళ్లే కదా. మీ మామగారు మాట్లాడి డబ్బిచ్చి ఉంటే కాపీరైట్ ఆయనది. ఆయన తదనంతరం, వీలునామా లేకపోతే, మిగతా చరాస్తి లాగే అదీ వారసులకి వస్తుంది. మీ నాన్నగారు మాట్లాడి ఉంటే అటువైపు వారసులకి. చట్టప్రకారం మీ ఆడపడుచులకో, మీ అన్నదమ్ములకో కూడా అందులో వాటా ఉంటుంది. షష్టిపూర్తికి ఫొటో కట్టిస్తుంటే వాటా అడుగుతూ ఎవరూ రారు లెండి. నెగెటివ్ స్టూడియోలోనే ఉండిపోయిందని కొందరు కంగారు పడతారు. నెగెటివ్ ఒక వస్తువు, కాపీరైట్ ఒక హక్కు. వస్తువు ఒకరి దగ్గర, హక్కు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు. వెనకాల ముద్ర స్టూడియో చిరునామా చెబుతుందంతే. అది యాజమాన్య పత్రం కాదు.

కాబట్టి తెనాలిలో ఏ ల్యాబ్ అయినా ఈ ఫొటో నిశ్చింతగా వేయొచ్చు.

మరి డల్లాస్‌లో ఎందుకు కాదన్నారు? అక్కడి చట్టం తలకిందులు. అమెరికాలో డబ్బు ఎవరిచ్చినా కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే. ఉద్యోగి తీస్తే అతని యజమానిది. బయటి మనిషిని పెట్టుకుని పని చేయించుకుంటే, చట్టంలో లెక్కపెట్టి రాసిన తొమ్మిది రకాల పనుల్లో అది ఉండి, పైగా రాతపూర్వక ఒప్పందం కూడా ఉంటేనే హక్కు పని చేయించుకున్నవారికి పోతుంది. ఆ తొమ్మిదిలో పెళ్లి ఫొటో లేదు, చంటిపిల్ల ఫొటో లేదు. బయటివాళ్లకి పని అప్పగించి డబ్బిచ్చినంత మాత్రాన హక్కు రాదని 1989లో అక్కడి సుప్రీంకోర్టు ఒక శిల్పం తగాదాలో తేల్చేసింది.

ల్యాబ్‌ల భయానికి ఇంకో కారణం ఉంది. ఓలన్ మిల్స్ అని పోర్ట్రెయిట్ స్టూడియోల సంస్థ ఒకటి. తను తీసిన ఫొటోలకి కాపీలు వేస్తున్నారన్న అనుమానంతో అయోవా రాష్ట్రంలోని లిన్ ఫొటో అనే ల్యాబ్‌కి కస్టమర్ వేషంలో ఒక పరిశోధకుడిని పంపింది. ల్యాబ్‌వాళ్లు కాపీలు వేసి ఇచ్చారు. కింది కోర్టు ల్యాబ్ పక్షాన నిలిచింది కానీ, 1994లో అప్పీల్ కోర్టు ఆ తీర్పుని తిరగేసింది. కస్టమర్ అడిగాడు కదా అన్న మాట ల్యాబ్‌ని కాపాడలేదు. అక్కడి చట్టంలో నష్టం ఎంతో రుజువు చేయకపోయినా, సకాలంలో రిజిస్టర్ చేసిన ఒక్కో ఫొటోకి 750 నుంచి 30,000 డాలర్ల దాకా, కావాలని చేశారని తేలితే 1,50,000 డాలర్ల దాకా వేయొచ్చు. కొద్ది డాలర్ల ప్రింట్ కోసం ఏ దుకాణమూ ఆ రిస్క్ తీసుకోదు. అందుకే కౌంటర్లో కుర్రాడు ఫొటో 'ప్రొఫెషనల్‌గా' కనిపిస్తే చాలు, ఆపేస్తాడు. వెనక ముద్ర, మూల పేరు, చక్కటి లైటింగ్, స్టూడియో తెర, ఇవే వాళ్ల కొలతలు. సొంత కెమెరాతో బాగా ఫొటోలు తీసేవాళ్లు కూడా అక్కడ ఇదే ఇబ్బంది పడుతుంటారు. బాగా తీయడమే నేరమైపోతుంది పాపం.

ఇక్కడే మీకు పనికొచ్చే మెలిక ఒకటుంది. మీ ఫొటో తెనాలిలో తీసింది. పరాయి దేశంలో పుట్టిన ఫొటోకో రచనకో హక్కుదారు ఎవరన్న ప్రశ్న వస్తే ఏ దేశ చట్టం చూడాలి? న్యూయార్క్‌లో రష్యన్ భాషలో వచ్చే ఒక పత్రిక, రష్యా పత్రికల వ్యాసాలు తీసి వేసుకుందని ఇటార్-టాస్ వార్తాసంస్థ తదితరులు దావా వేశారు. 1998లో అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు, హక్కు ఎవరిదో రష్యా చట్టం చూసి చెప్పాలి, ఉల్లంఘన జరిగిందో లేదో అమెరికా చట్టం చూసి చెప్పాలి అంది. ఆ దారిలో పోతే తెనాలి పెళ్లి ఫొటో హక్కుదారు ఎవరో చెప్పేది మన సెక్షన్ 17. అంటే డల్లాస్‌లో కూడా అది మీ కుటుంబం ఫొటోనే. డల్లాస్ వేరే అప్పీల్ కోర్టు కిందకి వస్తుంది కాబట్టి ఈ తీర్పు అక్కడ శిలాశాసనం కాదు, కానీ గట్టి ఆసరా.

కౌంటర్ కుర్రాడికి ఇటార్-టాస్ కథ చెప్పమని మీ అబ్బాయికి సలహా ఇవ్వకండి. అతను వినడు, వినాల్సిన పనీ లేదు. చాలా దుకాణాల్లో ఒక ఫారం ఉంటుంది. కాపీరైట్ నాది, లేదా హక్కుదారు అనుమతి నాకుంది అని సంతకం పెట్టాలి. ఇక్కడి నుంచి మీవారు (మీ నాన్నగారు మాట్లాడి ఉంటే మీరు), ఆ పెళ్లికి ఫొటోలు తీయించిన పెద్దల వారసులుగా, నాలుగు లైన్ల ఇంగ్లిష్ ఉత్తరం రాసి సంతకం పెట్టి మెయిల్ చేస్తే, దాని ఆధారంగా మీ అబ్బాయి ఆ ఫారం నిజాయితీగా నింపొచ్చు. అయినా దుకాణం వద్దనొచ్చు. ప్రింట్ వేసి తీరాలని ఏ దుకాణాన్నీ బలవంతపెట్టే చట్టం అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఇక అబ్బాయి పెళ్లి ఫొటోలు. మన పెళ్లిళ్లలో ఆడపెళ్లివారు ఒక ఫొటోగ్రాఫర్‌ని, మగపెళ్లివారు ఇంకో ఫొటోగ్రాఫర్‌ని పెట్టుకుంటారు. ఇద్దరూ మండపం ముందు ఒకరినొకరు తోసుకుంటూ అవే తలంబ్రాలు తీస్తారు. చట్టం దృష్టిలో ఎవరి ఫొటోగ్రాఫర్ తీసినవి వాళ్లవి. మీ అబ్బాయి పెళ్లికొడుకైనా సరే, మీరు ప్రింట్ వేయించాలనుకుంటున్నవి వియ్యాలవారి ఫొటోగ్రాఫర్ తీసినవి కాబట్టి కాపీరైట్ ఆయన్ని మాట్లాడినవారిది. కాబట్టి మీకు కావలసిన అనుమతి విజయవాడ ఫొటోగ్రాఫర్‌ది కాదు, మీ వియ్యాలవారిది.

ఇందులో ఒక చిక్కు ఉండొచ్చు. 'వేరే ఒప్పందం లేనప్పుడు' అన్న మాట గుర్తుంది కదా. ఈ మధ్య కొటేషన్ల వెనకాల, బిల్లు అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో 'కాపీరైట్ స్టూడియోకే చెందుతుంది' అని అచ్చు వేస్తున్నారు. ఈ మినహాయింపులో, ఒప్పందం స్టాంపు కాగితం మీదే ఉండాలని లేదు. బుకింగ్ అప్పుడు వాట్సాప్‌లో షరతులు పంపితే మీ వియ్యంకుడు 'ఓకే' అని కొట్టి ఉన్నా అది ఒప్పందం అనే వాదిస్తారు. ఆ కాగితం, ఆ చాట్ ఒకసారి వెతికించండి. అలాంటి షరతు కనబడితే ఫొటోగ్రాఫర్ అనుమతి తప్పదు. కనబడకపోతే ఫొటో మూల ఉన్న పేరుకి హక్కు తెచ్చే బలం లేదు. ఆ పేరు చెరిపించకండి, అది వేరే విషయం. కాపీరైట్ మీదైనా, తీసినవాడిగా తన పేరు చెప్పుకునే హక్కు సెక్షన్ 57 కింద ఫొటోగ్రాఫర్‌కి ఉంటుంది. అదే చట్టం ఇటు కూడా పనిచేస్తుంది. కాపీరైట్ కస్టమర్‌దైనప్పుడు, పెళ్లికూతురి ఫొటో స్టూడియో అద్దాల్లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ప్రచారానికి పెట్టుకోవాలంటే ఫొటోగ్రాఫరే కస్టమర్‌ని అడగాలి. ఎంతమంది అడుగుతున్నారో మీకూ తెలుసు.

కాపీరైట్ మీదే కాబట్టి హార్డ్ డిస్క్‌లో ఉన్న రా ఫైళ్లన్నీ (దిద్దకముందు కెమెరాలో పడ్డ అసలు ఫైళ్లు) ఇచ్చేయాలి అని వాదించేవాళ్లు నాకు తరచూ తగులుతారు. అది కాపీరైట్ విషయం కాదు, ఏమిస్తానని ఒప్పుకున్నాడన్న విషయం. ఒప్పుకున్న ఆల్బమ్, ఫొటోలు డబ్బు పుచ్చుకుని కూడా ఇవ్వకపోతే అది సేవాలోపం. రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల రూపాయల దాకా చెల్లించిన సేవలకి అక్కడ ఫీజు కూడా లేదు.

మీ ఊరి ల్యాబ్ అతన్ని మాత్రం తిట్టుకోకండి. మన చట్టంలో సెక్షన్ 63 కింద, తెలిసి ఉల్లంఘించినా దానికి సాయపడినా 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. ఈ నేరానికి పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చని, ఇది నాన్ బెయిలబుల్ అని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో కేసులో చెప్పింది. సబ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి కాపీలు పట్టుకెళ్లొచ్చు కూడా. ఏ ఫొటోగ్రాఫరో ఫోన్ చేసి ఒకసారి బెదిరించి ఉంటే ఆ ల్యాబ్ అతనికి ఇక టెన్షనే. కానీ ఆ సెక్షన్‌లో కీలకమైన మాట 'తెలిసి'. మీరు తెల్ల కాగితం మీద ఇలా రాసి ఇస్తే అతనికి ధైర్యం వస్తుంది: 'ఈ ఫొటోలు మా కుటుంబం డబ్బిచ్చి తీయించుకున్నవి. కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌కి ఉండేలా ఏ ఒప్పందమూ చేసుకోలేదు. వీటిని మా ఇంటి అవసరానికి ప్రింట్ వేయిస్తున్నాను. దీనిపై అభ్యంతరం వస్తే బాధ్యత నాది.' కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు. నోటరీ అక్కర్లేదు. అబ్బాయి పెళ్లి ఫొటోలకైతే 'మా కుటుంబం' బదులు 'మా వియ్యాలవారు' అని మార్చి, వాళ్ల అనుమతి ఉందని చేర్చండి.

మనవరాలి ఫొటోకి మాత్రం ఈ కాగితం రాయకండి, అది అబద్ధమవుతుంది. అమెరికాలో తీసిన ఫొటోలకి అంతర్జాతీయ ఒప్పందాల వల్ల మన దేశంలో కూడా రక్షణ ఉంది. కోడలిని ఒకసారి పాత మెయిల్స్ చూడమనండి. అక్కడి స్టూడియోలు డిజిటల్ ఫైళ్లు అమ్మినప్పుడు చాలాసార్లు ప్రింట్ రిలీజ్ అనే పత్రం (ప్రింట్ వేయించుకోవడానికి అనుమతి) కూడా పంపుతాయి, మనవాళ్లు డౌన్‌లోడ్ చేయకుండా వదిలేస్తారు. లేకపోతే రిలీజ్ పంపమని స్టూడియోకి ఒక మెయిల్ పెడితే సరి. కొందరు ఉచితంగా ఇస్తారు, కొందరు కొంత అడుగుతారు. మీ దగ్గరున్నది కాగితం ప్రింట్ మాత్రమే అయితే దాన్ని స్కాన్ చేయించి పెద్దది చేయించడం కూడా కాపీయే.

విదేశాల్లో ఉన్న మిగతా పాఠకుల కోసం ఒక్క మాట. బ్రిటన్‌లో కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌దే కానీ, ఇంటి అవసరానికి తీయించుకున్న ఫొటోని మీ అనుమతి లేకుండా అతను నలుగురికీ చూపించకూడదు. కెనడాలో 2012 నుంచి ఫొటోగ్రాఫర్‌దే. అయితే సొంత అవసరానికి డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లు, కాదని ఒప్పందం లేకపోతే, వాటిని వ్యాపారేతర పనులకి వాడుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ఇంటి, కుటుంబ అవసరాలకి తీయించుకున్నవి ఇప్పటికీ తీయించుకున్నవాళ్లవే.

షష్టిపూర్తి వచ్చే నెలే అన్నారు కాబట్టి, డల్లాస్‌లో కుస్తీ పట్టే బదులు 1989 ఫొటోని బాగా స్కాన్ చేసి ఫైలు పంపమని అబ్బాయికి చెప్పి, తెనాలిలోనే పెద్దది చేయించండి. వియ్యపురాలికి 'ఈ ఫొటోలు ప్రింట్ వేయించుకుంటాం వదినగారూ' అని వాట్సాప్ పెట్టి, ఆవిడ 'అలాగే' అన్న జవాబుని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ల్యాబ్‌కి ఇచ్చే కాగితంతో పాటు అది చూపిస్తే సరిపోతుంది.