ఆసుపత్రి చీటీలో రాయించిన మాట

సుధమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసి జబ్బుపడ్డ తొమ్మిదిమందినీ, బోరునీళ్లు పాడైన ఇళ్లవాళ్లనీ కూడగట్టి కేసు వెయ్యబోతున్నావట. ఆవిడ గొంతు వణికింది. నాకూ గుండె దడదడలాడింది. కానీ దానికి ముందు ఒక్క క్షణం, మా అన్నయ్య కూతురు కదా అని ఛాతీ నిండిపోయింది. తెల్లవార్లూ నిద్ర లేదు. ఫోన్లో చెబితే సగం విని "సరే బాబాయ్" అంటావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

తేలిగ్గా తేలేవి ముందు చెబుతా. వకీలుకి డబ్బుల్లేవని ఎవరినీ వెనక్కి తగ్గనివ్వకు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్తే ఆడవాళ్లకీ, ఎస్సీ ఎస్టీలకీ, ఫ్యాక్టరీ కార్మికులకీ ఆదాయం లెక్క చూడకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఫ్యాక్టరీకి ఏమేం అనుమతులున్నాయో, తనిఖీకి వచ్చినవాళ్లు ఏం రాసి వెళ్లారో సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అందరినీ కలిపి ఒకే కాగితం మీద, పర్యావరణ కేసులు చూసే చెన్నై హరిత ట్రిబ్యునల్‌కి పంపుదామన్నావట, అది మాత్రం చెయ్యకు తల్లీ. నీళ్లు పాడైనవాళ్ల దారి వేరు, లోపల పనిచేసినవాళ్ల దారి వేరు. 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టంలో పదిహేడో సెక్షన్ చదువు. ప్రమాదంలో చనిపోయినా, గాయపడ్డా తప్పెవరిదన్న నిరూపణతో పనిలేకుండా పరిహారం ఇప్పించే ఆ సెక్షన్ 'కార్మికుడు కాని ఏ వ్యక్తికైనా' అంటుంది. బోర్లు, పొలాలు, పశువులు పోయినవాళ్లు చెన్నైకి వెళ్లాలి, నష్టం మొదలైన నాటినుంచి అయిదేళ్ల లోపు. పనివాళ్లు కార్మికుల పరిహారం తేల్చే అధికారి దగ్గరికి వెళ్లాలి. వాళ్లలో ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ నుంచే రావాలి, కంపెనీ మీద విడిగా పరిహారం కోరడానికి కుదరదు. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కాబట్టి, ఎవరి జబ్బు ఏ తేదీనాటిదో, దానికి ఏ చట్టమో వకీలుతో కూర్చుని ఒక్కొక్కరిదీ విడిగా తేల్చుకో.

ఇక నేను చేసిన పని చెప్పాలి. మీ నాన్న కేసు ఎందుకు పోయిందో నీకు తెలియదు. మీ అమ్మకీ తెలియదు. వకీలు సరిగ్గా వాదించలేదని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. అది అబద్ధం.

మీ నాన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద రెండున్నరేళ్లు చేశాడు. డ్రమ్ముల్లోంచి బెంజీన్ అనే రసాయనం వొంపడం, అది పోసి సామాన్లు కడగడం ఆయన పని. దానికి తియ్యటి వాసన ఉంటుంది. చేతికి గ్రీజు అంటుకుంటే దాంతోనే కడుక్కునేవాళ్లు, ఇట్టే పోతుందని. ఇంటికొచ్చినా చొక్కాకి ఆ వాసన ఉండేది. నువ్వు చిన్నదానివి, "నాన్న దగ్గర బిళ్లల వాసనొస్తోంది" అనేదానివి. మొదట పళ్లు తోముకుంటుంటే చిగుళ్లనుంచి రక్తం కారింది. తర్వాత తొడల మీద, దెబ్బ తగలకుండానే, నల్లగా కమిలిన మచ్చలు. ఆ పైన తగ్గని జ్వరం. ఎముకల్లో మూలుగ రక్తం తయారుచెయ్యడం మానేసిందని తర్వాత తెలిసింది.

పెద్దాసుపత్రికి కాంట్రాక్టరే జీపు పెట్టాడు. దారిలో నా భుజం మీద చెయ్యి వేసి, "ఫ్యాక్టరీ పేరెత్తావంటే పోలీసు కేసవుతుంది, వాళ్లు చేర్చుకోరు. ఖర్చు నేను చూసుకుంటాగా" అన్నాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. వెనక సీట్లో అన్నయ్య నా ఒళ్లో తల పెట్టుకుని ఉన్నాడు. చేర్చుకోరేమోనన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేం లేదు. కౌంటరు దగ్గర గుమాస్తా తలెత్తకుండా అడిగాడు, "ఏం పని చేస్తాడు?"

"వ్యవసాయ కూలీ అండీ" అన్నాను.

వార్డులో డాక్టరు మళ్లీ అడిగాడు. పురుగుమందులు కొడతాడా అని. కొడతాడండీ అన్నాను. ఆయన రాసుకున్నాడు. అన్నయ్య నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. నాలుగు నెలలకి పోయాడు.

తర్వాత కేసు వేశాం, రెండేళ్ల గడువు లోపలే వేశాం. చట్టం మన వైపే ఉందమ్మా, నా బాధ అదే. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం మూడో షెడ్యూల్లో వృత్తి జబ్బుల జాబితా ఉండేది, అందులో బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు పేరుపెట్టి మరీ ఉండేవి. ఆ పనిలో వరసగా ఆరు నెలలు చేసినవాడికి ఆ జబ్బు వస్తే, పని వల్లే వచ్చిందని చట్టమే అనుకుంటుంది. కాదని చూపించాల్సింది యజమాని. కాంట్రాక్టరు మనిషైనా సరే, అసలు కంపెనీయే బాధ్యురాలు. మనం నిరూపించాల్సిందల్లా ఆయన అక్కడ ఆ పని చేశాడని.

వాళ్ల వకీలు ఒకే ఒక్క కాగితం తెచ్చాడు. ఆసుపత్రి కేస్ షీట్. 'వృత్తి: వ్యవసాయ కూలీ. పురుగుమందుల వాడకం ఉంది.' సమాచారం ఇచ్చినవారు అన్నచోట నా సంతకం. నన్ను బోనులో నిలబెట్టి, "ఇది మీదేనా?" అని అడిగాడు. నాదే అన్నాను. మన దగ్గర జీతం చీటీ లేదు, గేటు పాసు లేదు, హాజరు పుస్తకం కాంట్రాక్టరు దగ్గరే ఉంది. తోటివాళ్లలో ముగ్గురు సాక్ష్యానికి వస్తామని రాలేదు. భయపడి అబద్ధం చెప్పానని ఆ రోజు నేను ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో! నోరు పెగల్లేదు. బయట అరుగు మీద మీ అమ్మ నిన్ను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది, ఆవిడ ముఖం చూడలేక వెనక గేటు నుంచి వచ్చేశాను.

అందుకని సుధా, వకీలు గడప తొక్కకముందే ఆ తొమ్మిదిమంది ఇళ్లకీ వెళ్లు. ఎవరి ఆసుపత్రి కాగితంలో ఏం రాసుందో నీ కళ్లతో చూడు. ఆయాసంతో వెళ్తే టీబీ అనీ, సిగరెట్ అలవాటనీ రాసేస్తారు. కేస్ షీట్ నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. తప్పు రాసుంటే దిద్దించకు, కొట్టివేతలు చేయించకు, అది ఇంకా చెడగొడుతుంది. మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఏ డిపార్టుమెంటు, ఏ డ్రమ్ము, ఎన్ని నెలలు, ముక్కుకి కట్టుకోడానికి ఏమైనా ఇచ్చారా లేదా, ఇదంతా ఆయన చేత కొత్తగా రాయించు. ముందు ఎందుకు తప్పు చెప్పామో అఫిడవిట్లో ఉన్నదున్నట్టు పెట్టండి. ఇంకా పనిలో ఉన్నవాళ్లని వెంటనే పరీక్షకి పంపు. బెంజీన్ జాడ మూత్రంలో ఒకటి రెండు రోజులకి మించి నిలవదు. కంపెనీ దగ్గర ఆరోగ్య రికార్డులు ఉండాలి. 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, పనిలో చేరినప్పటినుంచి 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం వాటిని దాచాలని చెప్పింది. రాతపూర్వకంగా అడుగు.

నీళ్లు పట్టడానికి రాత్రిపూట సీసా పట్టుకుని ఆ ఫ్యాక్టరీ కాలవ దగ్గరికి వెళ్తున్నావట. మీ అమ్మ ఇది చెప్పినప్పుడు కోపం ఆగలేదు నాకు. బుద్ధుందా? ఆ నీళ్ల ఆవిరి ఎంత చెడ్డదో నీకు తెలియదా, నాన్నని చూసిన పిల్లవేనా? పైగా నువ్వు తెచ్చిన సీసా నీళ్లని అవతలి వకీలు ఒక్క మాటతో పక్కన పెట్టేస్తాడు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి చేత, కంపెనీకి నోటీసు ఇప్పించి, సీలు వేయించి తీయించు. వాళ్లు రాకపోతే ట్రిబ్యునల్నే అడుగు, నిపుణుల కమిటీని పంపిస్తుంది. నువ్వు మాత్రం ఆ దరిదాపులకి వెళ్లకు. నీ రక్తపరీక్ష కూడా చేయించుకుని రిపోర్టు నాకు పంపు. ఇది బతిమాలి అడుగుతున్నాను.

డబ్బు సంచితో మనుషులొస్తారు. చావింట్లో, పదో రోజు లోపలే వస్తారు, 'అన్ని క్లెయిములూ తీరిపోయాయి' అని టైపు చేసిన కాగితంతో. కార్మికుడు పోతే పరిహారం ఆ పరిహార అధికారి దగ్గర జమ చెయ్యాలి, చేతిలో పెట్టి సంతకం తీసుకుంటే చెల్లదు. ఈ సంగతి ప్రతి ఇంట్లో ఆడవాళ్లకి ముందే చెప్పి ఉంచు. భోపాల్ సంగతి నీకు తెలిసిందే. 1989లో 47 కోట్ల డాలర్లకి రాజీ జరిగింది. అది చాలదని కేంద్రమే మళ్లీ వెళ్తే 2023లో సుప్రీంకోర్టు తలుపు మూసేసింది. ఢిల్లీలో 1985లో ఓలియం వాయువు లీకైనప్పుడు, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు ఏ సాకూ చెప్పి తప్పించుకోలేడని అదే కోర్టు తీర్పిచ్చింది. అంత గట్టి తీర్పు చేతిలో ఉండి కూడా ఒక్క సంతకంతో పోగొట్టుకోవచ్చు.

నేను ఆదివారం వస్తున్నాను. మీ నాన్న ఫైలు నా ట్రంకుపెట్టెలో ఉంది, తెస్తాను. ఆ కేస్ షీట్ నకలు కూడా ఉంది. సాక్షులెవరూ నోరు విప్పడానికి జంకితే వాళ్లని నా దగ్గర కూర్చోబెట్టు, నేను మాట్లాడతాను.

ఈ ఉత్తరం మీ అమ్మకి చూపించకు. వచ్చాక నేనే చెప్పాలి.

మీ బాబాయి