సముద్రం చూడనివాడు సముద్రపు రంగు కొలవగలడా?

మీరు అడిగినవి రెండు. ఉపగ్రహం పైనుంచి చూస్తూనే ఉంది కదా, మళ్లీ ఓడెక్కి సముద్రపు రంగు కొలవడం దేనికి? కడపలో పుట్టి పెరిగి, ఇంతవరకు సముద్రమే చూడని ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాడు పది రోజుల ఓడ శిక్షణకు పోతే నెగ్గుకొస్తాడా?

రెండోదే ముందు చెప్తాను. నెగ్గుకొస్తారు. మాది అనంతపురం. నేను మొదటిసారి సముద్రం చూసింది విశాఖలో, అదీ ఇలాంటి శిక్షణకే ఓడెక్కడానికి పోయిన రోజున. మొదటి రెండు రోజులు వాంతులతోనే సరిపోయింది. మూడో రోజు బొరుగులు నోట్లో వేసుకుంటే నిలబడ్డాయి, ఆ సాయంత్రానికి పనిలో పడ్డాను. తీరంలో పెరిగిన ఇద్దరు నాకన్నా ఎక్కువ అవస్థ పడ్డారు. కాబట్టి ఊరికీ కడుపుకీ సంబంధం లేదు, టెన్షన్ పడకండి.

ఇక ఉపగ్రహం సంగతి. పైన దానికి అందే వెలుతురులో నీళ్లలోంచి వచ్చేది పదో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. మిగతాదంతా గాలి, అందులోని ధూళి, ఉప్పు కణాలు చెదరగొట్టిన వెలుతురు, నీటి పైపొర మీద తళుకు. దాన్నంతా లెక్కగట్టి తీసేస్తే మిగిలే కాస్తే మనకు కావలసిన రంగు. అందుకే పైన ఒక్క శాతం లెక్క తప్పితే కింద పది శాతం తప్పుతుంది. పైగా ఉపగ్రహంలోని పరికరం ఏళ్లు గడిచేకొద్దీ మారిపోతుంటుంది, కిందికి దించి బాగుచేసుకునే వీలు లేదు. నీళ్ల పక్కన నిలబడి కొలిచిన అంకెతో పోల్చి చూసుకోవడమే దారి. హవాయి దగ్గర మోబీ అనే బోయ్, అంటే కొలత పరికరాలు మోస్తూ నీళ్ల మీద తేలేది, 1997 నుంచి ఈ పని మీదే ఉంది. కానీ అక్కడివి తేటనీళ్లు. మన తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు ఉంటుంది. రంగు చూసి తెలుసుకోవాలనుకునేది నీళ్లలోని సన్నని నాచులో ఉండే క్లోరోఫిల్ అనే పచ్చటి పదార్థం ఎంతుందో. అది నీలం వెలుగును ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక నీలానికీ ఆకుపచ్చకూ ఉన్న నిష్పత్తిని బట్టి దాన్ని లెక్కగడతారు. మట్టి కూడా ఆ నిష్పత్తిని మార్చేస్తుంది. వాన పడ్డాక మన చెరువు ఎర్రగా మారడం చూశారు కదా, ఆ నీళ్లలో నాచు ఎంతుందో రంగు చూసి చెప్పమంటే ఎలా ఉంటుంది? అదే చిక్కు. సముద్రపు రంగు చూసే ఉపగ్రహాల్లో మన మొదటి ఓషన్‌శాట్ 1999లో వెళ్లింది, 2009లో రెండోది, 2022 నవంబరులో అదే వరసలోని ఈఓఎస్-06 వెళ్లాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు సూచనలు ఇచ్చేది సముద్రపు ఉష్ణోగ్రతతో పాటు ఇలాంటి క్లోరోఫిల్ సమాచారం చూసే. ఆ మాట నమ్మి డీజిల్ పోసుకుని వెళ్లేవాళ్లుంటారు.

శిక్షణలో ఏం నేర్పిస్తారంటే, పరికరం వాడడం ఒక పూటలో వచ్చేస్తుంది. మిగతా రోజులన్నీ మన తప్పులు మనం పట్టుకోవడానికే. మా ఓడలో నాలుగో రోజు మమ్మల్ని మూడు గుంపులు చేసి, ఒకే నీళ్లను ఒకే అరగంటలో కొలవమన్నారు. రాత్రి భోజనాలయ్యాక మూడు గ్రాఫులూ గోడ మీద వేశారు. మూడూ మూడు దారులు. ఎవరిది కరెక్టో చెప్తారనుకున్నాం. మా శిక్షకురాలు, ఇరవై ఏళ్లుగా ఓడల్లో తిరుగుతున్న మనిషి, గ్రాఫుల వైపు చూడనే లేదు. "లాగ్ షీట్లు తెండి" అన్నారు. ఒక గుంపు సూర్యుడికి ఎంత పక్కకు తిరిగి కొలిచారో రాయలేదు. ఇంకో గుంపు కొలుస్తుండగా మబ్బు అడ్డొచ్చింది, అదీ రాయలేదు. మూడో గుంపు మాది. అన్నీ రాశాం. కానీ నేను తెల్ల చొక్కా వేసుకుని సెన్సర్ పక్కనే రెయిలింగ్‌కు ఆనుకుని నిలబడ్డాను. ముదురు బట్టలు ఎందుకు వేసుకోమన్నారో అప్పుడు తలకెక్కింది. చొక్కా మీద పడి చెదిరే వెలుతురు కూడా కొలతలో కలుస్తుంది.

కోణాల సంగతి ఇప్పుడే బుర్రలో పెట్టుకుని వెళ్తే అక్కడ తేలిక. నీళ్ల వైపు సెన్సర్‌ను నిట్టనిలువు నుంచి 40 డిగ్రీలు వంచి, సూర్యుడికి 135 డిగ్రీలు పక్కకు తిప్పి పెడతారు. తళుకు తక్కువగా తగిలే కోణం అది. అదే దిక్కులో, నెత్తి మీది నుంచి 40 డిగ్రీలు వంచి ఆకాశాన్నీ కొలవాలి, ఎందుకంటే నీళ్లలో ఆకాశపు ప్రతిబింబం కొంత కనిపిస్తుంది, దాన్ని తీసేయాలి. ఓడ నీడ పడకూడదు, ప్రొపెల్లర్ లేపే నురగ ఉండకూడదు, అందుకే ఓడ ముక్కు దగ్గర నిలబడతాం. ఓడ ఊగుతుంటే కాళ్లతో ఊగి చేతులు కదల్చకుండా ఉండడం అనేది ఎవరూ చెప్పి నేర్పించలేరు. మా ఊరి జాతరలో రంగులరాట్నం ఎక్కినప్పుడు కూడా నాకంత తల తిరగలేదు.

నాకు బాగా నచ్చింది నీళ్లు వడగట్టే పని. లోతుల నుంచి తెచ్చిన నీళ్లను దాదాపు పది రూపాయల బిళ్లంత తెల్ల ఫిల్టర్ మీద మెల్లగా వడగడతారు. గది లైట్లు తగ్గించాలి, వెలుతురుకు క్లోరోఫిల్ పాడవుతుంది. తొందరపడి పంపు గట్టిగా పెడితే కణాలు పగిలి ఫిల్టర్ దాటి పోతాయి. తీరం దగ్గరైతే అర లీటరుకే ఫిల్టర్ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. బయట సముద్రంలో రెండు లీటర్లు పోసినా మరక పడిందా లేదా అని లైటు దగ్గర పట్టుకుని చూడాల్సి వస్తుంది. పట్టకారుతో సగానికి మడిచి, రేకులో చుట్టి, పేరు, టైము రాసి ద్రవ నత్రజనిలో వేస్తాం.

ఆ టైము రాసే దగ్గరే నేను దెబ్బతిన్నాను. ఉపగ్రహం దాటిన సమయానికి ముందువెనకలుగా మూడు గంటల్లోపు కొలిచిందే పోలికకు పనికొస్తుందని చాలామంది పెట్టుకునే లెక్క. జీపీఎస్ చూపించేది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకే లెక్కగా పెట్టుకున్న టైము, మన టైముకన్నా ఐదున్నర గంటలు వెనక. నేను కొన్నిసార్లు చేతి గడియారం చూసి, కొన్నిసార్లు జీపీఎస్ చూసి రాశాను. ఏది ఏదో రాయలేదు. ఇంటికొచ్చి చూస్తే ఫిల్టర్ మీద "8:40" అని ఉంది. పొద్దున 8:40నా, మధ్యాహ్నం 2:10నా? ఆ రోజు ఓడ ఒకేచోట ఆగి ఉంది, కాబట్టి స్థానం చూసి కూడా తేల్చుకోలేకపోయాను. రెండు కొలతలు చెత్తబుట్టలో పడ్డాయి. అప్పటినుంచి ఓడలో నా గడియారం యూటీసీలోనే నడుస్తుంది. భోజనం గంట ఎప్పుడు మోగుతుందో మాత్రం పక్కవాళ్లను అడుగుతాను.

మనవైపు వాళ్లకు ఒక లాభముంది, తీరం వాళ్లు దాన్ని ఒప్పుకోరు. దుమ్ము మనకు తెలుసు. మా శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో, మీ యోగి వేమన విశ్వవిద్యాలయంలో గాలిలోని ధూళి కణాల మీద ఏళ్లుగా పరిశోధన జరిగింది. వెళ్లేముందు ఎవరినైనా బతిమాలి, ఎండ ఎంత తగ్గి వస్తుందో చూసి గాలిలోని ధూళిని లెక్కగట్టే సన్ ఫోటోమీటర్‌ను సూర్యుడి వైపు గురిపెట్టడం రెండు రోజులు చేసి చూడండి. ఓడలోనూ అదే పరికరం వాడతారు. ఉపగ్రహానికి అందే వెలుతురులో తీసేయాల్సిన ఆ తొంభై పాళ్ల లెక్కలో ధూళిదే తెగని పేచీ.

ఇంకో పని. ఇరవై, ముప్పై సెంటీమీటర్ల గుండ్రటి రేకుకు తెల్ల రంగు వేసి, కింద బరువు కట్టి, తాడుకు మీటరుకో ముడి వేయండి. ఈత, లైఫ్ జాకెట్ రెండూ ఉంటేనే, చేపలు పట్టేవాళ్లను అడిగి మైలవరం డ్యామ్‌లోనో గండికోట జలాశయంలోనో వాళ్ల పుట్టి ఎక్కండి. రేకు కనిపించకుండా పోయిన లోతు, పైకి లాగితే మళ్లీ కనిపించిన లోతు, రెండూ రాసి సగటు తీయండి. దీన్ని సెక్కీ డిస్క్ అంటారు, 1865 నుంచి వాడుకలో ఉంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మబ్బు వేసినప్పుడు ఒకసారి చూడండి. ప్రతిసారీ టైము, ఎండ, గాలి, పుట్టి నీడ ఏ పక్కన ఉందో రాయండి. రెండు వారాల తర్వాత ఆ కాగితం తీసి చదివితే మీకే అర్థం కాకపోతే, ఎక్కడ అర్థం కాలేదో చూసుకోండి. ఓడలో తప్పు జరిగేది సరిగ్గా అక్కడే.

వాంతుల మాత్ర డాక్టరును అడిగి తెచ్చుకోండి. ఓడ కదిలాక కాదు, కదలకముందే వేసుకోవాలి. చెనిక్కాయల పొడి ఒక డబ్బా పెట్టుకోండి, మూడో రోజు నుంచి అందరూ అడుగుతారు. తెల్ల చొక్కాలు మాత్రం ఇంట్లోనే ఉంచి రండి.