తొమ్మిది చోట్ల లిస్టు చూశాక

అమ్మాయీ,

పిల్లలతో, మీ అత్తగారితో ఊరు చూడ్డానికి వెళ్తున్నామంటూ నువ్వు పంపిన లిస్టు చూశాను. ఒక్క రోజులో తొమ్మిది చోట్లా! నేనూ ఒకప్పుడు అలాంటి లిస్టే రాసుకున్నాన్లే. ఆరింటికి లేచి, పిల్లల్ని లాక్కుంటూ ఆరు చోట్లు చుట్టేశాం. రాత్రి "ఏం చూశార్రా?" అని అడిగితే మీ అన్నయ్య చెప్పింది పార్కింగ్ దగ్గర కనిపించిన పిల్లికూనల సంగతి ఒక్కటే. అందుకే రెండు ఉంచుకో. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో నీడ, బాత్రూమ్, కూర్చోడానికి బెంచీ ఉన్న చోటు ముందే చూసిపెట్టుకో.

చిన్న నగరమే కదా, అన్నీ నడిచేంత దూరంలోనే ఉన్నాయంటున్నావు. ఫోన్‌లో మ్యాప్ పది నిమిషాలంటే అది ఒంటరిగా చకచకా నడిచేవాడి లెక్క. నాలుగేళ్ల పిల్లాడు, మీ అత్తగారి మోకాళ్లు ఉన్నప్పుడు పాతిక నిమిషాలు వేసుకో. ఆవిణ్ణి "నడవగలరా అత్తయ్యా?" అని మాత్రం అడక్కు. నడుస్తాననే అంటారు, మర్నాడు మంచం దిగరు. "నాకు కాళ్లు లాగుతున్నాయి, కాసేపు కూర్చుందాం" అని నువ్వే కూర్చో. ఈ చిన్న అబద్ధం నేను మా అత్తగారి దగ్గర ఎన్నేళ్లు ఆడానో! పాపం, ఆవిడకి తెలిసే ఉంటుంది.

సోమవారం వెళ్దామని రాశావు. చాలా చోట్ల మ్యూజియంలకి ఆ రోజే సెలవు. మేం ఒకసారి అలాగే వెళ్లి తాళం చూసొచ్చాం. ముందు రోజే ఫోన్ చేసి కనుక్కో. మూసే టైముతో పాటు టికెట్లు ఎప్పటిదాకా ఇస్తారో కూడా అడుగు, అది ఇంకా ముందే ఆగిపోతుంది.

చిన్నాడికి కారులో వాంతులవుతాయి కదా. 2 నుంచి 12 ఏళ్ల మధ్య పిల్లల్లో ఇది ఎక్కువ. కళ్లు ఫోన్ మీదుంటే ఏదీ కదలట్లేదనుకుంటాయి, లోపలి చెవికేమో కదలిక తెలుస్తుంటుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే తిప్పుతుంది. ఫోన్ ఇవ్వకండి, దూరంగా రోడ్డుకేసి చూడమనండి. కడుపు ఖాళీగానూ వద్దు, నిండుగానూ వద్దు. కవర్లు డిక్కీలో కాదు, నీ ఒళ్లో ఉండాలి.

తిండి గురించి ఒక్క మాటే. వండి తీసుకెళ్తే 2 గంటల్లో తినేయండి, ఎండ 32 డిగ్రీలు దాటితే గంటలోపే.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే పిల్లలిద్దరికీ తల నుంచి కాళ్ల దాకా కనిపించేలా ఒక ఫొటో తియ్యి. ఎందుకంటే, ఓసారి సంతలో మా చిన్నాడు చెయ్యి వదిలేశాడు. అక్కడున్నాయన "చొక్కా ఏ రంగమ్మా?" అని అడిగాడు. పొద్దున నేనే తొడిగి, నేనే బొత్తాలు పెట్టిన చొక్కా. నీలమో ఆకుపచ్చో గుర్తు రాలేదు! నోట మాట రాక నిలబడిపోయాను. చివరికి బుడగలమ్మేవాడి పక్కన దొరికాడు, వాడికి తప్పిపోయానన్న సంగతే తెలీదు. చొక్కా పసుపు. ఫొటోతో పాటు నీ నంబరు రాసిన కాగితం కూడా వాళ్ల జేబుల్లో పెట్టు.

సాయంత్రం అల్లుడుగారు "ఇంకొక్కటి చూసి పోదాం" అంటారు చూడు, అప్పుడు నువ్వు గట్టిగా ఉండాలి. రోజంతా తిరిగి చీకట్లో కారు నడిపేది ఆయనే. 2 గంటలకోసారి ఆపించు, నిద్రొస్తుంటే ఇంకా ముందే.

కారు పెట్టిన చోటు కూడా ఫొటో తీసుకోండి, పక్కన కనిపించే బోర్డుతో సహా. మేం అరగంట వెతికాం ఒకసారి. మీ పెదనాన్న పది నిమిషాలే అంటారు.

పెద్దమ్మ