తక్కెడ పట్టుకునే ముందు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో, రెండోసారి పక్కింటి కుర్రాడి చేత ప్రింట్ తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని. 'ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్‌లో ఆల్‌టైమ్ గ్రేట్ ఎవరు?' అని హెడ్డింగ్ పెట్టి, పాతతరం ఆండ్రూ గేజ్‌నీ ఈ తరం ప్యాటీ మిల్స్‌నీ పక్కపక్కన నిలబెట్టి, పాయింట్ల లెక్కలు చూపించి, గేజే గొప్ప అని తేల్చేశావు. మెల్‌బోర్న్ వెళ్లి ఏడాది కూడా కాలేదు, అప్పుడే ఆ ఊరి ఆటని ఇంతగా పట్టించుకున్నావని నాకు చాలా సంతోషం వేసింది. మీ నాన్నకి కూడా చెప్పాను. ఇక పెన్సిల్ గీతల సంగతి.

అంకెలు తప్పని అనను. 1987 సీజన్‌లో గేజ్ ఆస్ట్రేలియా నేషనల్ లీగ్‌లో మ్యాచ్‌కి సగటున 44.1 పాయింట్లు చేశాడు. ఏడుసార్లు ఆ లీగ్ ఎంవీపీ, అంటే సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. అన్నీ నిజాలే. కానీ ఆ రోజుల్లో అక్కడ లీగ్ మ్యాచ్ 48 నిమిషాలు. 2009లో దాన్ని 40కి తగ్గించారు. ఆ లెక్కన చూస్తే 44 కాస్తా 37 దగ్గరికి వస్తుంది. 37 కూడా మామూలు మాట కాదు, గేజ్ గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. కానీ ఈ సంగతి పాఠకుడికి నువ్వు చెప్పలేదు.

నేనూ ఇదే తప్పు చేశాను. 2014లో మిల్స్ ఆడిన శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో టైటిల్ గెలిచింది. చివరి మ్యాచ్‌లో మిల్స్ బెంచ్ మీద నుంచి లేచి వచ్చి 17 పాయింట్లు చేశాడు. ఆ ఊపులో నేనొక వ్యాసం రాశాను, అచ్చం నీలాగే గేజ్‌తో పోలుస్తూ. అచ్చయిన నాలుగో రోజు ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు ఫోన్ చేశారు. "బాగా రాశావయ్యా. ఇంతకీ వాళ్ల మ్యాచ్ ఎన్ని నిమిషాలు?" అని ఒక్కటే అడిగారు. నాకు జవాబు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచీ ఏ అంకె రాసినా, దాని పక్కన ఆ ఆట ఎంతసేపు ఆడారు, ఏ రూల్స్ కింద ఆడారు అని ముందు కాగితం మీద రాసుకుంటాను. నువ్వు కూడా ఆ అలవాటు చేసుకో.

ఎడ్డీ పలుబిన్స్కస్ పేరు నీ వ్యాసంలో కనపడలేదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో టాప్ స్కోరర్ ఆయనే. సగటు 31 పాయింట్ల పైన. మెక్సికో మీద ఒక్క మ్యాచ్‌లోనే 48. అప్పటికి అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో మూడు పాయింట్ల గీతే లేదమ్మా. అది 1984లో వచ్చింది, ఒలింపిక్స్‌లో మొదటిసారి కనపడింది 1988లో. అంటే ఎంత దూరం నుంచి వేసినా బుట్టలో పడిన బంతికి రెండే. మిల్స్ తరంలో గీత బయట నుంచి వేసే షాట్‌కి మూడు వస్తాయి, అదే చోటు నుంచి పలుబిన్స్కస్ వేస్తే రెండు. ఇద్దరి పాయింట్లూ ఒకే పట్టికలో రాస్తే ఆయనకి అన్యాయం కాదూ? ఇంకో సంగతి. 1974లో ఎన్‌బీఏ జట్టు అట్లాంటా హాక్స్ ఆయన్ని డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని తీసుకునే చోట, ఎంచుకుంది. కానీ అప్పట్లో ఎన్‌బీఏలో డబ్బు తీసుకుని ఆడినవాడికి ఒలింపిక్స్ తలుపులు మూసేసేవారు. 'ఎన్‌బీఏలో ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు' అనే కొలతతో ఆయన తరాన్ని కొలవడానికి వీల్లేదు.

మన ఇళ్లలో ఘంటసాల గొప్పా, బాలు గొప్పా అని వాదన మొదలైతే మా అన్నయ్య ఒకటే అనేవాడు: "ఘంటసాల పాడేటప్పుడు వాద్యబృందం మొత్తం పక్కనే ఉండేదిరా. ఎవరి చెయ్యి తడబడ్డా పాట మళ్లీ మొదటికే." అంత చెప్పి ఊరుకునేవాడు. ఎవరు గొప్పో చెప్పేవాడు కాదు. కానీ ఆ మాట విన్నాక పాట వేరేలా వినపడేది. నీ వ్యాసం చదివాక గేజ్ ఆట పాఠకుడికి అలా వేరేలా కనపడాలి.

'రింగుల' లెక్క కూడా వేశావు, అంటే ఎవరికి ఎన్ని ఎన్‌బీఏ టైటిళ్లు అని. అది పూర్తిగా తీసెయ్. ల్యూక్ లాంగ్లీకి మూడున్నాయి, 1996, 97, 98లో మైకేల్ జోర్డాన్ ఉన్న షికాగో బుల్స్‌లో. 1991లో ఎన్‌బీఏలో అడుగుపెట్టిన మొదటి ఆస్ట్రేలియన్ ఆయనే, ఆ గౌరవం ఎవరూ కాదనలేరు. గేజ్‌కి ఒక రింగు ఉంది, 1999లో స్పర్స్‌తో. ఆ సీజన్‌లో గేజ్ ఆడింది 19 మ్యాచ్‌లు, అవీ కాసేపు కాసేపు. మూడుకి ఒకటి అని రాస్తే లాంగ్లీ మూడు రెట్లు గొప్పవాడని అర్థమా? నీకూ అలా అనిపించలేదు, అందుకే ఆ పేరా గబగబా దాటేశావు. నమ్మకం లేని పేరా చదివేవాడికి తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ వ్యాసంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే. అంత పెద్ద వ్యాసంలో ఒక్క ఆడపిల్ల పేరు లేదు. ఆస్ట్రేలియా మగవాళ్ల జట్టుకి మొదటి ఒలింపిక్ పతకం వచ్చింది 2021లో. అప్పటికే ఆడవాళ్ల జట్టుకి ఐదున్నాయి. 1996లో కాంస్యం, ఆ తర్వాత వరసగా మూడు రజతాలు, 2012లో మళ్లీ కాంస్యం. ఆ మూడు రజతాల జట్లలోనూ, లండన్ కాంస్యంలోనూ లారెన్ జాక్సన్ ఉంది. అమెరికా లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో మూడుసార్లు ఎంవీపీ అయింది, 2003, 2007, 2010లో. 2007లో అయితే ఎంవీపీతో పాటు బెస్ట్ డిఫెన్సివ్ ప్లేయర్ అవార్డు కూడా ఆమెదే. అటు పాయింట్లు చేయడంలోనూ, ఇటు ఎదుటివాళ్లని ఆపడంలోనూ ఒకే ఏడాది ఆమెను మించినవాళ్లు లేరన్నమాట. మగవాళ్లలో ఏ ఆస్ట్రేలియన్‌కీ ఎన్‌బీఏలో ఒక్క ఎంవీపీ కూడా రాలేదు. 'ఆల్‌టైమ్ గ్రేట్' అని హెడ్డింగ్ పెట్టి ఈమెను వదిలేశావంటే, ప్రశ్న వేయకముందే సగం మందిని బయట కూర్చోబెట్టినట్టే.

నీకో దారి చూపిస్తాను. లారెన్‌ని గేజ్‌తో పోల్చకు, ముందు వాళ్లమ్మతో పోల్చు. మరీ జాక్సన్ కూడా ఆస్ట్రేలియాకి ఆడిన మనిషే. లారెన్ నాన్నా ఆడాడు. 1970ల చివర్లో మరీ అమెరికా వెళ్లి లూసియానా స్టేట్ యూనివర్సిటీకి ఆడింది, పలుబిన్స్కస్ చదివిన కాలేజీ కూడా అదే. అక్కడ ఆమె ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ డబ్ల్యూఎన్‌బీఏ మొదలైంది 1997లో. ఆస్ట్రేలియా ఆడవాళ్ల జట్టు మొదటిసారి ఒలింపిక్స్‌కి వెళ్లింది 1984లో. తల్లి మంచి వయసులో ఉన్నప్పుడు ఎక్కడానికి మెట్లే కట్టలేదు. కూతురు వచ్చేసరికి మెట్లున్నాయి, ఎక్కింది. ఎక్కేటప్పుడు వీపు మీద వాళ్లమ్మ నంబర్ 15 వేసుకుంది.

ఇక్కడ ఎవరు గొప్ప అని అడిగి చూడు. తల్లి దగ్గర లేనివి అవార్డులు. ఇచ్చేవాళ్లే లేనప్పుడు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ ఇద్దరి గురించి నువ్వు రెండు పేజీలు నిజాయితీగా రాయగలిగితే, గేజ్ గురించీ మిల్స్ గురించీ ఎలా రాయాలో నీకే తెలుస్తుంది. ఆటగాడు ఏం సాధించాడని అడిగే ముందు, ఆ రోజుల్లో సాధించడానికి ఏమేం ఉన్నాయని అడుగు.

లారెన్ 2016లో మోకాలు సహకరించక ఆట మానేసింది. 2022లో సిడ్నీలో వరల్డ్ కప్ జరిగితే 41 ఏళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లి, మళ్లీ జట్టులోకి వచ్చింది. కాంస్యం కోసం కెనడాతో ఆడిన మ్యాచ్‌లో 30 పాయింట్లు చేసింది. ఆస్ట్రేలియా 95–65తో గెలిచింది. రెండేళ్ల తర్వాత పారిస్‌లో ఇంకో ఒలింపిక్ కాంస్యం. అంకెలు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవాలంటే ఈ మ్యాచ్ దగ్గర ఆగు. 30 అనే అంకె పక్కన 41 అనే అంకె పెట్టాలి. అప్పుడు ఇంకో విశేషణం అక్కర్లేదు.

గేజ్, మిల్స్ ఇద్దరినీ తక్కెడలో చెరోవైపు కూర్చోబెట్టావు కదా, వాళ్లిద్దరూ ఒకేవైపు ఉన్న రోజు ఒకటుంది. 2021 ఆగస్టు 7, టోక్యో. స్లొవేనియాతో కాంస్య పతకం మ్యాచ్. అంతకుముందు మగవాళ్ల జట్టు నాలుగుసార్లు ఇదే మ్యాచ్ దాకా వచ్చి ఓడిపోయింది. 1988లో అమెరికా చేతిలో, 1996లోనూ 2000లోనూ లిథువేనియా చేతిలో, 2016లో స్పెయిన్ చేతిలో ఒకే ఒక్క పాయింట్‌తో. మొదటి మూడింటిలో గేజ్ ఉన్నాడు. ఐదు ఒలింపిక్స్ ఆడి, సొంతగడ్డ మీద సిడ్నీలో దేశం జెండా పట్టుకుని నడిచి, చివరికి మెడలో పతకం లేకుండానే ఆపేశాడు. నాలుగోసారి మిల్స్ 30 పాయింట్లు చేసి కూడా ఓడిపోయాడు. టోక్యోలో మిల్స్ 42 చేశాడు, ఆస్ట్రేలియా 107–93తో గెలిచింది. ఆ మ్యాచ్‌కి టీవీ వ్యాఖ్యానం చెబుతున్న గేజ్ కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఆ ఒలింపిక్స్ మొదట్లో జెండా మోసినవాళ్లలో మిల్స్ ఒకడు. తండ్రి టోరెస్ జలసంధి దీవులవాడు, తల్లి ఆదివాసీ. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆస్ట్రేలియా జెండా పట్టిన మొదటి స్థానిక జాతి క్రీడాకారుడు అతనే. ఒకడు తన జీవితమంతా వెతికినది ఇంకొకడి చేతికి దొరకడం కళ్లారా చూశాడు. ఇంత కథ నీ చేతిలో ఉంటే, 'గేజ్ 1, మిల్స్ 2' అని ఎందుకు రాశావమ్మా?

భాష గురించి నాలుగు మాటలు. 'చెలరేగాడు' ఆరుసార్లు వాడావు, 'నిప్పులు చెరిగాడు' మూడుసార్లు. ఈ మాటలు మా తరం క్రికెట్ రిపోర్టులు రాసి రాసి అరగదీసింది. రీబౌండ్, అసిస్ట్, స్క్రీన్ లాంటి మాటలకి తెలుగు కోసం తంటాలు పడకు, అలాగే రాయి. కాకపోతే మొదటిసారి వచ్చినప్పుడు ఆ పని కళ్లకి కట్టించు. ఆండ్రూ బోగట్ 2005 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైనవాడు, 2015లో గోల్డెన్ స్టేట్ జట్టుతో ఎన్‌బీఏ టైటిల్ గెలిచాడు. ఆ ఏడాది అతని పాయింట్లు చూస్తే ఏమీ కనపడదు. కానీ ఒక్క నిమిషం బంతిని వదిలేసి అతన్నే చూడు. ఏడడుగుల మనిషి వచ్చి, రెండు కాళ్లూ నేలకి దిగ్గొట్టినట్టు నిలబడతాడు. అతని జట్టువాడే అయిన స్టెఫ్ కర్రీ అతని భుజాన్ని రాసుకుంటూ వెళ్తాడు. వెనకాల తరుముతున్నవాడు ఆ ఛాతీకి కొట్టుకుని ఆగిపోతాడు. కర్రీకి షాట్ వేయడానికి ఒక క్షణం దొరుకుతుంది. స్కోర్‌షీటులో మూడు పాయింట్లు కర్రీకి, బోగట్ పేరు పక్కన సున్నా. స్క్రీన్ అంటే అదీ అని రాస్తే గుంటూరులో బాస్కెట్‌బాల్ ఎప్పుడూ చూడనివాడికి కూడా అర్థమవుతుంది.

ఎన్‌బీఏలో ఆడిన బెన్ సిమన్స్ మీద రాసిన పేరా నాకు నచ్చలేదు. గాయాలతో నలిగిన కుర్రాడి మీద తీర్పు చెప్పడానికి అంత తొందరెందుకు? కొత్త తరం కుర్రాళ్లు జాష్ గిడ్డీ, డైసన్ డేనియల్స్ కూడా ఇంకా మధ్యలోనే ఉన్నారు. వాళ్లని తూకం వేయకు, వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో రాయి. 1993లో మెల్‌బోర్న్ టైగర్స్ ఆస్ట్రేలియా లీగ్ టైటిల్ గెలిచినప్పుడు గేజ్ పక్కన ఆడినవాళ్లలో ఒకరు సిమన్స్ వాళ్ల నాన్న, ఇంకొకరు గిడ్డీ వాళ్ల నాన్న. ఆ జట్టు కోచ్ గేజ్ వాళ్ల నాన్న లిండ్సే. గేజ్ పెరిగింది ఆల్బర్ట్ పార్క్ బాస్కెట్‌బాల్ స్టేడియంని ఆనుకుని ఉన్న ఇంట్లో. వేర్వేరు తరాలని మనం అనుకునేవి ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కలుస్తున్నాయి చూశావా.

ఇంతా చెప్పి తీర్పు ఇవ్వొద్దని మాత్రం అనడం లేదు. తేల్చకుండా 'ఎవరి గొప్ప వారిది' అని ముగించే వ్యాసాలంటే నాకు చిరాకు. నన్నడిగితే లారెన్ జాక్సనే. రెండో మాట లేదు. గేజ్ లేకపోతే ఆ దేశంలో అంతమంది పిల్లలు బంతి పట్టుకునేవాళ్లు కాదనీ, ఒక్క మ్యాచ్ గెలవాలంటే నేను మిల్స్ చేతికే బంతి ఇస్తాననీ కూడా అంటాను. ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. నీ ప్రశ్న ఏదో మొదటి పేరాలోనే చెప్పేసెయ్, తర్వాత ధైర్యంగా తేల్చు. నా తీర్పుతో నువ్వు ఏకీభవించాలని లేదు.

చివరిగా ఒకటి. నువ్వు పంపిన ఫైల్‌లో కొట్టేసిన ఒక వాక్యం అలాగే ఉండిపోయింది. శనివారం పొద్దున మీ సబర్బ్ స్టేడియానికి వెళ్తే, కోర్టులో ఒకావిడ బూట్ల అడుగులు అరచేత్తో తుడుచుకుని ఆటలోకి దిగిందనీ, పదేళ్ల కూతురు స్కోర్ బోర్డు దగ్గర కూర్చుని అమ్మ బుట్టలో వేసినప్పుడల్లా గట్టిగా బటన్ నొక్కుతోందనీ రాశావు. అది ఎందుకు కొట్టేశావు? ఈ శనివారం మళ్లీ వెళ్లు. ఆ అమ్మాయి కనపడితే పక్కన కూర్చో. అమ్మకి ఈ ఆట ఎవరు నేర్పారో అడుగు. వాళ్లు చెప్పింది రాసి, వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి నాకు పంపు. నేను ఎదురుచూస్తుంటాను.

మీ పిన్ని నీకు జంతికలు పంపుతానంటోంది, అడ్రస్ పెట్టు.

నీ బాబాయి
విజయవాడ