గోడలో వైర్లు చూపించే యాప్‌ని నమ్మి డ్రిల్ పెట్టొచ్చా? ఈ వారం టెక్ సందేహాలు

ఈసారి ఫోన్లు, లాప్‌టాప్‌ల కంటే డ్రిల్లు, గ్రైండర్ల మీదే ఎక్కువ అడిగారు. సరే, అవీ గాడ్జెట్లే కదా.

మధురవాడ నుంచి ఒకరు: కొత్త ఫ్లాట్‌లో టీవీ స్టాండ్ బిగించాలి. గోడలో వైర్లు ఎక్కడున్నాయో చెప్పే యాప్ వేశాను, ఫోన్ గోడకి ఆనిస్తే అక్కడక్కడ కుయ్‌కుయ్‌మంటోంది. అది మోగని చోట చూసి డ్రిల్ పెట్టేయొచ్చా?

వద్దండీ బాబూ. ఫోన్లో కంపాస్ కోసం మాగ్నెటోమీటర్ అని ఒక సెన్సర్ ఉంటుంది, ఆ యాప్ దాని రీడింగే తెచ్చి స్క్రీన్ మీద చూపిస్తోంది, అంతకుమించి ఏం లేదు. దానికి తెలిసేది ఇనుము. పిల్లర్లో ఊచ, స్విచ్‌బోర్డ్ వెనక రేకు డబ్బా, ఎప్పుడో ఎవరో కొట్టి వదిలేసిన మేకు, వీటికి మోగుతుంది. మన ఇళ్లలో వైరింగ్ ఏమో పీవీసీ పైపులో రాగి తీగ, రాగి అయస్కాంతానికి అంటదు, పీవీసీ సంగతి చెప్పక్కర్లేదు. అంటే మోగిన చోట ఉత్త ఊచ ఉండొచ్చు, మోగని చోట లైవ్ వైర్ ఉండొచ్చు, మీరు వేసుకున్న ప్లాన్ సరిగ్గా తిరగబడిందన్నమాట.

షాపుల్లో దొరికే వాల్ స్కానర్ దీనికంటే చాలా నయం, కానీ దాని లెక్క కూడా చూసుకోవాలి. బాష్ జీఎంఎస్ 120 అని ఒక మోడల్ ఉంది, పేరులో ఉన్న 120 అంటే ఇనుముని పట్టే లోతు, మిల్లీమీటర్లలో. కరెంటున్న వైర్ అయితే 50 ఎంఎం వరకే. అదీ గోడ పొడిగా ఉంటే, చెమ్మ పట్టిన గోడ మీద ఏ స్కానర్ మాటా గట్టిగా నమ్మలేం. మన విశాఖలో వానాకాలం గోడలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా?

కాబట్టి ముందు కళ్లతో చూడండి. స్విచ్‌బోర్డ్‌కి నిలువుగా పైనా కిందా, రెండు బోర్డుల మధ్య అడ్డంగా, బాత్రూమ్ గోడకి వెనక వైపు, ఈ చోట్ల డ్రిల్ పెట్టకండి. బ్యాటరీ డ్రిల్ ఉంటే మెయిన్ దించేసి పని చేసుకోవడమే బెస్ట్, ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి, మెయిన్ దించినా ఇన్వర్టర్ లైన్ లైవ్‌లోనే ఉంటుంది, ఇది చాలామంది మర్చిపోతారు. ఇక ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడకీ కొలత టేపు ఆనించి ఫోటో తీసి క్లౌడ్‌లో పెట్టుకోండి, ఏ యాప్ కంటే అదే పనికొస్తుంది.

గాజువాక నుంచి ఇంకొకరు: నా దగ్గర 4 అంగుళాల గ్రైండర్ ఉంది. గార్డ్ తీసేసి 5 అంగుళాల వీల్ వేస్తే లోతుగా కోస్తుందని ఒకాయన చెప్పాడు. అలాగే పళ్లున్న చెక్క బ్లేడ్ కూడా దానికే పడుతుందట, నిజమేనా?

పట్టడం పడుతుంది గురూ, అక్కడే వచ్చింది తంటా. 4 అంగుళాల వీల్ మధ్య బొక్క 16 ఎంఎం, 5 అంగుళాల దానికి 22.2 ఎంఎం. మీ మెషిన్‌లో వీల్‌ని పట్టి ఉంచే బిళ్ల, అదే ఫ్లాంజ్, 16కి చేసింది, పెద్ద బొక్కలో అది సెంటర్లో కూర్చోదు, మధ్యలో ఏదో వాషర్ ఇరికించి బిగిస్తారు, ఇక తిరగడం మొదలెట్టగానే అదురుడు. ఈ గ్రైండర్లు సుమారు 11,000 ఆర్‌పీఎం మీద తిరుగుతాయి, ఆ స్పీడ్‌లో 4 అంగుళాల వీల్ అంచే గంటకి 200 కిలోమీటర్లు దాటేస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ గాలి 180 దరిదాపుల్లో వీచింది, బీచ్ రోడ్డు ఏమైందో చూశాం కదా. అంతకంటే స్పీడ్‌గా తిరిగే వీల్ ముక్కలైతే ఆ ముక్కకీ మీ మొహానికీ మధ్య ఉండేది ఆ గార్డ్ ఒక్కటే, దాన్నే తీసేయమంటున్నాడు మీ పెద్దమనిషి. 7 అంగుళాల వీల్ కూడా కొందరు ఇలాగే ఎక్కిస్తారు, దాని మీద 8,500 ఆర్‌పీఎం దాటకూడదని రాసే ఉంటుంది.

వీల్ కొనేటప్పుడు మధ్యలో ఉన్న రేకు రింగు చూడండి. చాలా బ్రాండ్లు దాని మీద వి అక్షరం పక్కన 07/2026 లాగా నెలా సంవత్సరం కొడతాయి, అది ఎక్స్‌పైరీ డేట్. అవును, కటింగ్ వీల్‌కీ ఎక్స్‌పైరీ ఉంటుంది, రాపిడి పొడిని పట్టి ఉంచే రెసిన్ చెమ్మకి బలం తగ్గిపోతుంది, సముద్రం పక్కన ఉన్న మనకి ఇంకా జాగ్రత్త అవసరం. కొత్త వీల్ వేశాక పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.

చెక్క బ్లేడ్ అయితే అసలు వద్దు. పళ్లు చెక్కలో కరుచుకున్నాయంటే మెషిన్ ఎగిరి మీ మీదకే వస్తుంది, చెక్కకి జిగ్‌సా గానీ సర్క్యులర్ సా గానీ తీసుకోండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ చెప్తాను. స్విచ్ లాక్ చేసి పని చేస్తుంటే కరెంటు పోయిందనుకోండి, టీ తాగొద్దామని గ్రైండర్ అలాగే కింద పెట్టేస్తారు, కరెంటు రాగానే అది ఎవరూ పట్టుకోకుండానే గిర్రున తిరుగుతూ నేల మీద పరిగెడుతుంది. కరెంటు పోతే ముందు స్విచ్, తర్వాత ప్లగ్, ఆ తర్వాతే టీ. కొన్ని మోడల్స్‌లో రీస్టార్ట్ ప్రొటెక్షన్ ఉంటుంది, కొనేటప్పుడు అడగండి.

ఎంవీపీ కాలనీ: ఆన్‌లైన్లో 48 వోల్టుల బ్యాటరీ డ్రిల్ చవగ్గా వస్తోంది, పేరున్న కంపెనీ 20 వోల్టులదే అంత రేటు ఎందుకు?

దాని చార్జర్ ఫోటో జూమ్ చేసి అవుట్‌పుట్ చూడండి. 21 వోల్టులని ఉందా? అయితే లోపల వరసగా ఉన్నవి 5 సెల్స్, ఒక్కోటి ఫుల్ చార్జ్‌లో 4.2. అంటే అది కూడా 20 వోల్టుల డ్రిల్లే, 48 అన్నది స్టిక్కర్ మీద మాటే. నిజంగా 48 కావాలంటే 12, 13 సెల్స్ ఉండాలి, అంత బ్యాటరీ చేతి డ్రిల్‌కి తగిలించి పని చేయడం కష్టం. నేనైతే కొనను.

భీమిలి రోడ్డు నుంచి: పాత డ్రిల్ పట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది, ఎంసీబీ మాత్రం పడటం లేదు. వాడొచ్చా?

వాడకండి, ముందు ప్లగ్ పీకేయండి. ఎంసీబీ ఓవర్‌లోడ్‌కీ షార్ట్ సర్క్యూట్‌కీ పడుతుంది, మీ ఒంట్లోంచి పోయే కాస్త కరెంటు దానికి లెక్కలోకే రాదు. అలా లీకయ్యే కరెంటుని పట్టి లైన్ కట్ చేసేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, మీ బోర్డులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి, ఉంటే దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడండి. మీది ఇనుప బాడీ డ్రిల్ అయితే దానికి మూడు పిన్నుల ప్లగ్గే ఉండాలి, ఎర్త్ వైర్ కత్తిరించి రెండు పిన్నులది వేసి ఉంటే జిల్లుమనడానికి అదే కారణం కావచ్చు. డ్రిల్ మీద వివరాలుండే ప్లేట్‌పై చదరంలో చదరం గుర్తు ఉంటే డబుల్ ఇన్సులేషన్, దానికి ఎర్త్ అక్కర్లేదు, అయినా జిల్లుమంటే లోపల తడో, కార్బన్ బ్రష్‌ల పొడో పేరుకుని ఉంటుంది. రిపేర్ షాపులో ఇచ్చి ఇన్సులేషన్‌ని మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటర్‌తో, చెక్ చేసి ఇమ్మని అడగండి, ఉత్తినే తిప్పి చూపించి బాగుందంటే ఒప్పుకోవద్దు.