సోలిగల దేవుళ్ల మీద పీహెచ్‌డీ: చదివేది మతమా, అడవా?

బెంగళూరులో మీ అమ్మాయి కర్ణాటకలోని బిళిగిరి రంగన బెట్ట కొండల్లో ఉండే సోలిగలనే ఆదివాసుల దేవుళ్ల మీద పీహెచ్‌డీ చేస్తోందనీ, అది మతమో పర్యావరణమో అర్థం కావడం లేదనీ అడిగారు. అక్కడ ఆ రెండూ విడదీయలేం.

కొండ మీది రంగస్వామి సోలిగలకు బావ, వాళ్లింటి పిల్ల కుసుమాలెను చేసుకున్నాడు మరి. అహోబిలం నరసింహుడూ చెంచులక్ష్మీ తెలిసిన మనకు ఈ వరస కొత్తేం కాదు. దొడ్డ సంపిగె అనే మహావృక్షమూ వాళ్లకు దేవుడే. ఒక్కో వంశానికి అడవిలో ఒక ఎల్లె, అంటే తమదనుకునే హద్దు. అందులో దేవుడి చోటు, మారమ్మ చోటు, నీటి ఊట, సమాధి రాళ్లు. బెంగళూరులోని ఏట్రీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ సోలిగలతో కలిసి వీటికి పటం గీసింది. 2011లో వాళ్లకు సామూహిక అటవీ హక్కులు వచ్చాయి, అదీ పులుల అభయారణ్యంలో.

అసలు పసందైన సంగతి తరగు బెంకి. ఎండలు ముదరకముందే రాలిన ఆకులకు పెట్టే చిన్న మంట అది. అటవీశాఖ దాన్ని ఆపించాక లాంటానా అనే కలుపు పొద కమ్ముకుందనీ, ఉసిరి చెట్లకు బదనిక అనే పరాన్నజీవి మొక్క పట్టిందనీ పెద్దల మాట. అది నమ్మకమా, పరిశీలనా? నా లెక్కలో పరిశీలనే. మీ అమ్మాయి తేల్చాల్సిందీ ఇలాంటివే.

ముందు కన్నడ గట్టిగా నేర్చుకోమనండి. దేవుడి చోట్లు థీసిస్‌లో ఎంతవరకు చూపాలో పోడు (అక్కడ సోలిగల ఊరిని అలా అంటారు) పెద్దలనే అడగమనండి, గైడును కాదు.